నేల మీద దాగిన జబ్బు నీటి అడుగున ప్రాణం తీస్తుంది

స్కూబా డైవింగుకు వెళ్ళే యువకులు కాగితంలో నిజం రాయాలి

విశాఖపట్నం: నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నది సామెత. అయితే నీటికి పల్లం ఒక్కటే కాదు, మనిషి ఒంట్లోని లోపం కూడా తెలుసునని చెప్పవచ్చును. నేల మీద నలభై ఏళ్ళు తిరిగినా బయటపడని జబ్బు సముద్రం అడుగున పది నిమిషాల్లో బయటపడుతుంది. అప్పటికి డాక్టరు దగ్గర ఉండడు. చుట్టూ నీరే ఉంటుంది.

వీపున సిలిండరు కట్టుకొని, దాని గొట్టం నోట కరచి, సముద్రం అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. 1943లో ఫ్రాన్సులో నావికాదళ అధికారి జాక్ కుస్టో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి ఈ పరికరాన్ని తయారు చేశారు. చాలాకాలం ఇది నావికాదళం వారికి, ఓడరేవుల్లో పనిచేసేవారికి మాత్రమే తెలిసిన విద్య. ఇప్పుడు విశాఖ దగ్గర రుషికొండలోనే డబ్బు కట్టి మునక వేయవచ్చును. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం, గోవా, మహారాష్ట్రలోని మాల్వణ్, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి కూడా ఇందుకు పేరు పడినవే. ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కుర్రవాడు, కొత్తగా పెళ్ళయిన జంట, కాలేజీ స్నేహితులు, కొడుకుతో పాటు యాత్రకు వెళ్ళిన తండ్రి ఇలా పల్లెల నుంచి కూడా ఎందరో వెళ్ళి వస్తున్నారు. ఈత రాకపోయినా ఫరవాలేదంటారు. శిక్షకుడు పక్కనే ఉంటాడు. చేపల మధ్య ఫోటో తీసి ఇస్తారు. అత్యధికులు క్షేమంగానే తిరిగి వస్తున్నారు కూడా.

అయితే పడవ ఎక్కేముందు ఒక కాగితం చేతికి ఇస్తారు. అది తరచుగా ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్కువ మంది వాడుతున్న ఫారంలో మొదటి పేజీలో 10 ప్రశ్నలు ఉంటాయి. ఊపిరితిత్తులు, గుండె, మూర్ఛ, చెవి, షుగరు, వాడుతున్న మందులు ఇవన్నీ అడుగుతారు. పడవ బయలుదేరబోతోంది, వెనక జనం నిలబడి ఉన్నారు, పక్కవాడు అప్పుడే సంతకం పెట్టేశాడు. మన కుర్రవాడు కూడా పైనుంచి కిందివరకు అన్నిటికీ 'లేదు' అని గీతలు గీసి ఇచ్చేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

బోర్లించిన చెంబు చెప్పే పాఠం

ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో తెలియాలంటే ముందు నీటి ఒత్తిడి సంగతి తెలుసుకోవాలి. ఖాళీ చెంబును బోర్లించి చెరువులో అడుక్కి నొక్కితే లోపలి గాలి బయటికి పోదు. కానీ లోతుకు పోయేకొద్దీ ఆ గాలి కుంచించుకుపోతుంది. నీరు చెంబులోకి ఎగబాకుతుంది.

నేల మీద మన ఒంటి మీద ఎంత గాలి ఒత్తిడి ఉన్నదో, సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 10 మీటర్లంటే సుమారు 33 అడుగులు, మత్స్యకారుల లెక్కలో ఐదున్నర బారలు. అక్కడ ఒత్తిడి రెండింతలు. 20 మీటర్ల దగ్గర మూడింతలు. 30 మీటర్ల దగ్గర నాలుగింతలు.

సిలిండరులో ఉండేది చాలామంది అనుకొనేట్లు వట్టి ఆక్సిజన్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే గట్టిగా దట్టించి నింపుతారు. మనిషి ఎంత లోతున ఉంటే అంత ఒత్తిడితో ఆ గాలి నోటికి అందుతుంది. అందువల్ల 10 మీటర్ల లోతున ఊపిరి నిండా పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో పైన పట్టే గాలికి రెండింతల గాలి ఉంటుంది. వాడు భయపడి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చేశాడనుకుందాం. 6 లీటర్ల గాలి 12 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తి అంత సాగదు, చిరుగుతుంది.

లోతు నీటిలో పట్టిన చేపను గబగబా పైకి లాగితే దాని గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికి తన్నుకురావడం మత్స్యకారులకు తెలిసిన విషయమే. మనిషికి జరిగేదీ అలాంటిదే. చిరిగిన ఊపిరితిత్తి నుంచి గాలి రక్తంలో చేరి, బుడగలుగా మెదడుకు పోయి, నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది. మనిషి నిలువు లోతు కూడా లేని కొలనుల్లో శిక్షణ పొందుతూ ఇలా దెబ్బతిన్నవారు ఉన్నారు. మొదటి 10 మీటర్లలోనే ఒత్తిడి రెండింతలవుతుంది గనుక, కొత్తవారిని తీసుకువెళ్ళే 12 మీటర్ల లోపు లోతు కూడా ఈ విషయంలో చిన్నది కాదు. కాబట్టే నీటి అడుగున ఊపిరి బిగబట్టరాదన్నది ఈ విద్యలో మొదటి పాఠం.

ఊపిరితిత్తుల్లో పాత మచ్చలు

ఆరోగ్యవంతుడు ఊపిరి వదులుతూ నెమ్మదిగా పైకి వస్తే గాలి దానంతట అదే బయటికి పోతుంది. కానీ ఊపిరితిత్తిలో ఏదో ఒక మూల గాలి బయటికి పోయే దారి మూసుకొని ఉంటే, అతడు పాఠం సరిగా పాటించినా లాభం లేదు. అక్కడ చిక్కిన గాలి పెరిగి పెరిగి ఆ చోటును చీల్చవచ్చు.

ఇలా దారి మూసే జబ్బుల్లో ఉబ్బసం మొదటిది. చలికాలంలో మాత్రమే ఆయాసం వస్తుంది, మిగతా రోజుల్లో బాగానే ఉంటానని చాలామంది చెబుతారు. సిలిండరు గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. దానికి తోడు ఉప్పునీటి తుంపర గొంతులోకి పోవచ్చు. ఈదడంలో అలసట ఉండనే ఉంటుంది. ఇవన్నీ ఆయాసాన్ని రేపేవే. ఉబ్బసం ఉన్నవారందరూ మానుకోవాలని డాక్టర్లు అనరు. ఊపిరి పరీక్ష చేసి, జబ్బు పూర్తిగా అదుపులో ఉంటే కొందరిని అనుమతిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుది కావాలే గాని పడవ మీద కుర్రవాడిది కారాదు.

రెండవది క్షయ. ప్రపంచంలోకెల్లా క్షయ రోగులు ఎక్కువగా ఉన్నది మన దేశంలోనే. మందులు వాడి పూర్తిగా నయమైనవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. కళ్ళె పరీక్షలో క్రిములు లేవన్నారు, మళ్ళీ పొలం పని చేసుకుంటున్నారు. కానీ జబ్బు నయమైనా కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చలు, గుంటలు మిగిలిపోతాయి. నేల మీద వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు మాత్రం అవే గాలి చిక్కే గదులవుతాయి. ఎప్పుడైనా క్షయకు మందులు వాడినవారు ఛాతీ ఫోటో తీయించి, డాక్టరుకు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతనే ఆలోచించాలి.

ఒకప్పుడు ఛాతీలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆస్పత్రిలో గొట్టం వేయించుకున్నవారు, ప్రమాదంలో పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి గాయమైనవారు, ఛాతీకి ఆపరేషన్ అయినవారు కూడా ఈ కోవలోనివారే. ఏళ్ళ తరబడి బీడీ, చుట్ట కాల్చినవారి ఊపిరితిత్తుల్లో పలచని గాలి బుడగలు ఏర్పడి ఉండవచ్చు. వాటి సంగతి పరీక్ష చేయిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

నీటిలో దిగగానే గుండెకు బరువు

చెరువులో మెడలోతు దిగిన కొద్దిసేపటికి మూత్రం వచ్చినట్లుండడం అందరికీ అనుభవమే. దానికి కారణం ఉన్నది. నీటి ఒత్తిడికి కాళ్ళు, చేతుల్లోని రక్తం అరలీటరుకు పైగా ఛాతీవైపు తోసుకు వస్తుంది. రక్తం ఎక్కువైందని ఒళ్ళు భ్రమపడి నీటిని బయటికి పంపబోతుంది. అంటే మునిగినవాడు కాలు కదపకముందే గుండె మీద అదనపు పని పడుతుందన్నమాట. దానికి ఈత శ్రమ, అల, భయం తోడవుతాయి.

బి.పి. ఉన్నవారికి తరచు ఏ బాధా తెలియదు. పరీక్ష చేయించుకోని మనిషి తనకు లేదనే అనుకుంటాడు. అటువంటివారిలో కొందరికి నీటి అడుగున ఊపిరితిత్తుల్లోకి రక్తంలోని నీరు ఊరుతుంది. బయటి నీరు ఒక్క చుక్క లోపలికి పోకుండానే మనిషి లోలోపల మునిగిపోతున్నట్లవుతుంది. దగ్గు, ఆయాసం, నురుగుతో కూడిన కళ్ళె దీని గుర్తులు. వెంటనే పైకి తెచ్చి ఆక్సిజన్ ఇస్తే చాలామంది కోలుకుంటారు. కంగారులో శిక్షకునికి సైగ చేయలేనివారి ప్రాణం పోతుంది.

గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్న జబ్బు మరింత మోసకారి. కొందరిలో దాని మొదటి గుర్తే ఆకస్మిక మరణం. అమెరికాలో డైవర్ల ప్రమాదాలను పరిశీలించే సంస్థకు చెందినవారు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 మరణాలను విచారించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. మనిషిని మొదట దెబ్బతీసింది ఏమిటని చూడగా, 33 శాతం మందిని ఊపిరాడకపోవడం, 29 శాతం మందిని రక్తంలో చేరిన గాలి బుడగలు, 26 శాతం మందిని గుండె జబ్బు పడగొట్టినట్లు తేలింది. అంటే ప్రతి నలుగురిలో ఒకరిని నీరు కాదు, తన గుండెయే మోసం చేసిందన్నమాట. ఈ గుండె మరణాలు 40 ఏళ్ళు దాటినవారిలో ఎక్కువగా ఉన్నట్లు కూడా తేలింది.

అందుకే ఫారంలో 45 ఏళ్ళు దాటినవారిని పొగ తాగుతారా, కొలెస్టరాల్ ఉందా, బి.పి. ఉందా, దగ్గరి రక్తసంబంధీకులెవరైనా 50 ఏళ్ళలోపే గుండె జబ్బుతో పోయారా అని ప్రత్యేకంగా అడుగుతారు. కొడుకు సరదా పడుతున్నాడని తండ్రి కూడా సిలిండరు కట్టుకొనేముందు ఈ ప్రశ్నలు గుర్తు చేసుకోవాలి.

సోడాబుడ్డి మూత తీసినట్లు

సుమారు నూట యాభై ఏళ్ళ క్రితం అమెరికాలోని న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన కట్టారు. నుయ్యికి ఒర దించినట్లే నదిలో పెద్ద కొయ్య పెట్టెలను బోర్లా దించి, నీరు లోపలికి రాకుండా గట్టిగా గాలి నింపి, కూలీలను లోపల దించి అడుగు తవ్వించారు. పని చేసినంతసేపూ బాగానే ఉన్న కూలీలు బయటికి వచ్చాక కీళ్ళనొప్పులతో ముడుచుకుపోయేవారు. కొందరికి కాళ్ళు పడిపోయాయి. కొందరు చనిపోయారు. వంతెన చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బు పాలై మంచం పట్టాడు. వంతెన 1883లో ప్రారంభమయింది.

ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండల్లో కరిగిపోతుంది. మనిషి త్వరగా పైకి వచ్చేస్తే గోళీసోడా కొట్టినప్పుడు బుడగలు పొంగినట్లు ఒంట్లో బుడగలు పుడతాయి. ఫ్రాన్సుకు చెందిన శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ఈ కారణాన్ని వివరించాడు. ఎంత లోతు నుంచి ఎంత నెమ్మదిగా రావాలో చెప్పే పట్టికలను బ్రిటనుకు చెందిన హాల్డేన్ 1908లో ప్రకటించాడు.

పట్టిక ప్రకారం వచ్చినా చిన్న చిన్న బుడగలు పుట్టవచ్చు. మామూలుగా అవి ఊపిరితిత్తుల్లో వడపోతకు వచ్చి పోతాయి. కానీ కొందరి గుండెలో ఒక దొంగదారి ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు గనుక గుండె పై గదుల మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉంటుంది. పుట్టాక అది మూసుకొని అతుక్కుపోతుంది. సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. వారిలో చాలామంది ఎనభై, తొంభై ఏళ్ళు బతికి, తమకు ఆ తలుపు ఉన్నట్లు తెలియకుండానే పోతారు. డైవింగు చేసేవాడికి మాత్రం, బుడగలు ఆ తలుపు గుండా వడపోత తప్పించుకొని మెదడుకు, వెన్నుపాముకు చేరే అవకాశం ఉన్నది. తలుపు ఉన్న ప్రతివాడికీ ఇలా జరగదు. ప్రతివారూ పరీక్ష చేయించుకోనవసరం లేదు. కానీ చిన్నప్పుడు గుండెకు రంధ్రం ఉందని చెప్పినవారు, కళ్ళముందు మెరుపులు కనిపించి పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు ముందుగా డాక్టరుకు చెప్పుకోవాలి.

మూర్ఛ, షుగరు, చెవి

మూర్ఛ వచ్చినవాడిని నేల మీద పక్కకు తిప్పి పడుకోబెడితే నాలుగైదు నిమిషాల్లో తేరుకుంటాడు. నీటి అడుగున మూర్ఛ వస్తే నోట కరచిన గొట్టం జారిపోతుంది. మరుక్షణం నోట నీరు. పక్కనున్న శిక్షకుడు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది తక్కువ. మూర్ఛ మందులు వాడుతున్నవారికి డైవింగుకు డాక్టర్లు అనుమతి ఇవ్వరు. మూడేళ్ళుగా రాలేదు గదా, ఈ ఒక్కరోజు రాదులే అనుకోవడం ప్రాణంతో జూదం ఆడడమే.

షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవారికి ఉదయం పలహారం మాని, ఎండలో పడవ మీద కూర్చొని, ఆపైన ఈదితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. నేల మీద అయితే చెంచాడు పంచదార నోట వేస్తారు. నీటి అడుగున ఆ వీలు లేదు.

పల్లెల్లో చిన్నప్పుడు చెవి కారని పిల్లలు తక్కువ. పెద్దయ్యాక కారడం ఆగుతుంది గాని కర్ణభేరికి చిల్లు మిగిలిపోవచ్చు. ఆ చిల్లు గుండా చల్లని నీరు లోపలి చెవికి తగిలితే కళ్ళు గిర్రున తిరుగుతాయి. ఏది పైనో ఏది కిందో తెలియదు. వాంతి వస్తుంది. గొట్టం నోట్లో ఉండగా వాంతి కావడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసినప్పుడు కూడా మునగరాదు. దిబ్బడ తగ్గే మాత్ర వేసుకొని దిగితే, మందు శక్తి మధ్యలో తగ్గి చెవిలో గాలి చిక్కుకుంటుంది.

మన్యం యువకులకు ప్రత్యేక హెచ్చరిక

పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న సంగతి తెలిసిందే. ఈ జబ్బు నిర్మూలనకు 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వ పథకం ప్రారంభమయింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది దాని లక్ష్యం. ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలికి ఒళ్ళు బిగిసినా ఈ జబ్బు ఉన్నవారి రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డు పడతాయి. డైవింగులో ఈ మూడూ ఎదురు కావచ్చును. జబ్బు ఉన్నవారు దీని జోలికి పోరాదు. జబ్బు లేకపోయినా వాహకులుగా తేలినవారు పరీక్షలో ఇచ్చిన కార్డును డాక్టరుకు చూపించి అడగాలి.

ఈత వచ్చినవాడు ఎందుకు మునిగాడు?

ఇదంతా డబ్బు పెట్టి సముద్రంలో దిగేవారి గొడవ, మనకెందుకని అనుకోరాదు. బాగా ఈత వచ్చిన కుర్రవాడు నూతిలోనో చెరువులోనో దూకి తేలకపోవడం పల్లెల్లో జరుగుతూనే ఉన్నది. గంగమ్మ పట్టిందంటారు, గాలి సోకిందంటారు. అన్నీ కాకపోయినా కొన్ని మరణాలకు కారణం గుండెలో ఉంటుంది. గుండె కొట్టుకునే విద్యుత్ వ్యవస్థలో పుట్టుకతో వచ్చే ఒక లోపం ఉన్నది. మనిషి చూడడానికి దిట్టంగా ఉంటాడు. ఈత వంటి శ్రమలో గుండె ఒక్కసారిగా లయ తప్పి స్పృహ పోతుంది. ఈ లోపం వంశపారంపర్యంగా వస్తుంది. చాలామందిలో మామూలు ఇ.సి.జి.లోనే దాని ఆనవాలు కనిపిస్తుంది. మందులు కూడా ఉన్నాయి.

పరుగెత్తేటప్పుడో ఈదేటప్పుడో ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయినవారు, ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయినవారున్న కుటుంబాలవారు డైవింగ్ సంగతి అటుంచి, చెరువులో దూకేముందే ఇ.సి.జి. తీయించుకోవడం మంచిది.

దాచితే దాగేది కాదు

ఈ జబ్బుల్లో చాలావాటిని నీరు కంటే ముందు మనుషులే దాస్తున్నారు. మూర్ఛ ఉందంటే పెళ్ళి కుదరదని తల్లిదండ్రులు పొరుగువారికి తెలియనివ్వరు. క్షయ మందులు వాడినట్లు చెప్పుకోవడం నామోషీ. ఉబ్బసం ఉందంటే పోలీసు ఉద్యోగానికి పనికిరాడని భయం. ఇలా దాచి దాచి, చివరకు జబ్బు ఉన్నవాడికే ఆ సంగతి తెలియకుండా పోతుంది. రెండేళ్ళ వయసులో జ్వరంతో వచ్చిన ఫిట్స్, ఐదేళ్ళప్పుడు ఆగిపోయిన ఆయాసం మందు, పుట్టినప్పుడు డాక్టరు గుండెలో విన్న శబ్దం ఇవి పాతికేళ్ళ కుర్రవాడికి జ్ఞాపకం ఉండవు. అమ్మకు ఉంటాయి. అమ్మమ్మకు ఉంటాయి. ఫారం అడిగేది కుర్రవాణ్ణి. జవాబు తెలిసింది ఇంట్లోవారికి.

విశాఖ నావికాదళంలో డైవర్ల వ్యవహారం చూస్తే తేడా తెలుస్తుంది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన డైవింగ్ నౌక ఐ.ఎన్.ఎస్. నిస్తార్ 2025 జులై 18న ఇక్కడే నావికాదళంలో చేరింది. బాగా లోతుకు దిగే డైవర్లను పైకి తెచ్చాక ఉంచడానికి అందులో ఒత్తిడి గదులున్నాయి. నావికాదళంలో డైవరు కావాలంటే ముందుగా గుండె, ఊపిరితిత్తులు, చెవులు అన్నీ పరీక్షిస్తారు. ఆ తర్వాత కూడా ఎప్పటికప్పుడు పరీక్షిస్తూనే ఉంటారు. ఏరికోరి తీసుకున్న జవానుకే అన్ని పరీక్షలుండగా, సెలవురోజు సరదాకు వచ్చినవాడికి ఉన్న రక్షణ ఆ ఒక్క కాగితమే. అందులో అబద్ధం రాస్తే ఆ రక్షణ కూడా ఉండదు.

వెళ్ళేవారు చేయవలసిన పనులు

యాత్రకు వారం ముందే ఫారం తెప్పించుకొని, చదువుకున్నవారి చేత తెలుగులో చెప్పించుకోవాలి. తల్లిని, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క ప్రశ్న అడగాలి. ఏ ఒక్కదానికి 'ఉంది' అని వచ్చినా డాక్టరుకు చూపించాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు చూపించుకోవడం ఎలాగూ మంచిదే. ఉద్యోగానికి అడిగే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాగా సంతకం కోసం కాక, నిజంగా ఛాతీ, చెవులు చూడమని కోరాలి.

ముందురోజు రాత్రి మద్యం ముట్టరాదు. ఖాళీ కడుపుతో దిగరాదు. నీళ్ళు బాగా తాగాలి. గర్భిణులు దిగరాదు. మందులు ఏవి వాడుతున్నా శిక్షకుడికి చెప్పాలి. ఒంట్లో బాగాలేకపోతే పడవ మీద నుంచి అయినా వెనక్కు రావచ్చు. కట్టిన డబ్బు పోతుందని దిగడం తెలివితక్కువ. పడవలో ఆక్సిజన్ ఉందా, ప్రమాదం జరిగితే ఒత్తిడి గది ఉన్న ఆస్పత్రి ఎక్కడ ఉందని నిర్వాహకులను ముందే అడగాలి. సరైన నిర్వాహకుడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు.

మన జిల్లావారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. ఉదయం రుషికొండలో మునిగి, మధ్యాహ్నం అరకు బయలుదేరడం చాలామంది వేసుకొనే పథకం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నది. 600 మీటర్లు దాటిన ఎత్తుకు వెళ్ళడం విమానం ఎక్కడం లాంటిదేనని వైద్యుల లెక్క. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టవచ్చు. ఒకసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే కనీసం 18 గంటలు గడిచాకనే ఘాట్ రోడ్డు గాని, విమానం గాని ఎక్కాలి. అరకు ముందు చూసి, సముద్రం తర్వాత చూస్తే ఏ చిక్కూ లేదు.

పైకి వచ్చాక కీళ్ళనొప్పి, తిమ్మిరి, చూపు మసక, తల తిరుగుడు, మాట తడబాటు, ఛాతీ నొప్పి, ఆయాసం, నోట రక్తం ఏది కనిపించినా ఎండదెబ్బ అని, అలసట అని సరిపెట్టుకోరాదు. ఈ గుర్తులు గంటల తర్వాత కూడా కనిపించవచ్చు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఉంటే ఆక్సిజన్ ఇచ్చి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పాలి. డైవింగు చేసిన సంగతి, ఎంత లోతు, ఎంతసేపు అన్నవి ఆస్పత్రిలో ముందుగా చెప్పాలి. చెప్పకపోతే డాక్టరు మామూలు పక్షవాతమనో, కండరాల నొప్పి అనో అనుకొనే ప్రమాదం ఉన్నది. మళ్ళీ నీటిలో దించితే తగ్గుతుందని ఎవరైనా చెబితే వినరాదు.

సముద్రం చూడవద్దని, సరదా మానుకొమ్మని ఎవరూ అనరు. ఆరోగ్యం సరిగా ఉన్నవాడు, చెప్పిన పాఠం విన్నవాడు చేపల మధ్య తిరిగి సంతోషంగా ఇంటికి వస్తాడు. జబ్బు ఉన్నవాడు పడవ మీదనే కూర్చొని స్నేహితుల బట్టలు కాపలా కాస్తే వచ్చే నష్టం ఒక ఫోటో మాత్రమే. పెళ్ళివారి దగ్గర, పై అధికారి దగ్గర దాచిన జబ్బును కనీసం ఆ కాగితం దగ్గర, ఆ శిక్షకుడి దగ్గర దాచకుండా ఉండాలని తల్లిదండ్రులు తమ పిల్లలకు చెప్పి పంపవలసి ఉన్నది.